తెల్లనీళ్ల లోయలో తొమ్మిది రోజులు: ఉస్త్-కోక్సా జిల్లా యాత్రా ప్యాకేజీపై సమీక్ష

మాకు అమ్మిన తొమ్మిది రోజుల ప్యాకేజీ కరపత్రంలో ‘శంభల’ అన్న మాట నాలుగు చోట్ల ఉంది. ‘సరిహద్దు అనుమతి’ అన్న మాట ఒక్క చోట కూడా లేదు. రష్యాలోని అల్తాయ్ రిపబ్లిక్‌లో, కజకిస్థాన్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఉస్త్-కోక్సా జిల్లాకు సెప్టెంబరు నెలలో నేనూ, నోవోసిబిర్స్క్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడూ వెళ్లాము. మేము పడిన ఇబ్బంది అంతా ఆ రెండో మాట లేకపోవడం వల్ల వచ్చింది. మొదటి మాటతో ఏ అవసరమూ లేకుండానే ఆ జిల్లా మా మనసును పట్టేసింది. ప్యాకేజీ అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అలాంటి సంస్థలు అక్కడ చాలానే ఉన్నాయి కనుక, ఏ సంస్థ ద్వారా వెళ్లినా ఏమి అడగాలో, దేనికి డబ్బు పెట్టవచ్చో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా దారి సంగతి. ఈ జిల్లాకు రైలు లేదు. దగ్గరి రైల్వే స్టేషన్ బీస్క్‌లో, పెద్ద విమానాశ్రయం గోర్నో-అల్తాయ్‌స్క్‌లో ఉన్నాయి. గోర్నో-అల్తాయ్‌స్క్ నుంచి ఉస్త్-కోక్సాకు సుమారు 400 కిలోమీటర్లు. మంగోలియా వరకు సాగే చూయా రహదారి మీద 1,717 మీటర్ల ఎత్తున ఉన్న సెమిన్‌స్కీ కనుమ దాటి, తుయెక్తా దగ్గర ప్రధాన రహదారిని వదిలి ఉస్త్-కాన్ మీదుగా దక్షిణానికి తిరగాలి. మధ్య ఆసియాలోని జుంగారు రాజ్యాన్ని చైనా చక్రవర్తి సేనలు నేలమట్టం చేసినప్పుడు దక్షిణ అల్తాయ్ తెగలు 1756లో రష్యా ఏలుబడిని ఒప్పుకున్నాయి. ఆ ఘటన 200 ఏళ్ల గుర్తుగా నిలిపిన స్తంభం కనుమ మీదే ఉంది. సంస్థ పంపిన కారు మంచిది, డ్రైవరు అంతకన్నా మంచివాడు. పొద్దున్న బయలుదేరి, మధ్యలో రెండు చోట్ల టీ కోసం ఆగి, చీకటి పడకముందే మమ్మల్ని లోయలోకి దించాడు. ఈ సేవలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

జిల్లా విస్తీర్ణం దాదాపు 13 వేల చదరపు కిలోమీటర్లు. జనాభా మాత్రం 20 వేలకు లోపే. అంటే మన వైపు ఒక పెద్ద మండల కేంద్రంలో ఉండే జనం కూడా అక్కడ జిల్లా మొత్తంలో లేరు. ఆ ఉన్నవారిలో కూడా ఎక్కువ మంది కాతూన్ నది రెండు ఒడ్డులా పరుచుకున్న ఉయ్‌మోన్ మైదానంలోనే ఉంటారు. మిగిలినదంతా కొండలు, అడవులు, హిమానీనదాలు. కోక్సా నది కాతూన్‌లో కలిసే చోట ఉన్న ఊరే జిల్లా కేంద్రం. ‘ఉస్త్’ అంటే రష్యన్‌లో నదీముఖం కనుక ఊరి పేరులోనే దాని చిరునామా ఉంది.

మాకు బస ఇచ్చింది జిల్లా కేంద్రంలో కాదు, అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని వేర్ఖ్-ఉయ్‌మోన్ అనే పాత ఊళ్లో. అతిథి గృహం అని కాగితం మీద ఉంది గానీ, ఆ ఇంటికి బోర్డు కూడా లేదు. ఒక అవ్వ, ఆవిడ కోడలు కలిసి నడుపుతున్న కర్ర ఇల్లు అది. కిటికీ చట్రాలకు నీలిరంగు వేసి ఉంది. లోపల పెద్ద ఇటుక పొయ్యి, పెరట్లో బంగాళాదుంప మడి, తేనెపెట్టెలు, ఆవిరి స్నానానికి బాన్యా. పడకలు శుభ్రంగా ఉన్నాయి. మరుగుదొడ్డి మాత్రం పెరటి చివర ఉంది. సెప్టెంబరు రాత్రుల్లో నేల మీద మంచు పేరుకుంటుంది కనుక, వయసు పైబడినవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. మేము మాంసం తినమని ఫోనులో ఒక్కసారి చెప్పినందుకే తొమ్మిది రోజులూ బంగాళాదుంపలు, అడవి పుట్టగొడుగులు, క్యాబేజీ పులుసు, పెరుగు, పుల్లటి మీగడ, బ్లినీ అట్లు, తేనె పెట్టారు. ఉప్పూ కారాల విషయంలో ఎవరి పొడి వారు తీసుకువెళ్లడం మంచిది. మా తమ్ముడి సంచిలోని కందిపొడిని అవ్వ మొదట వాసన చూసి, తరువాత బంగాళాదుంపల మీద చల్లుకుని, ఆ పూట మాకన్నా ఎక్కువే తినేసింది.

ఆ ఇంట్లో టీ గురించి కూడా చెప్పాలి. బదాన్ అనే మొక్క ఆకులు మంచు కింద ఏడాది రెండేళ్లు మగ్గి నల్లబడ్డాక, వసంతంలో వాటిని ఏరి ఎండబెట్టి కాస్తారు. ఆ టీ రంగు మన డికాక్షన్‌లా ఉంటుంది, రుచి వగరు. హిమాలయాల్లో ‘పాషాణభేది’గా వాడే మొక్క దీనికి దాయాది, రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. మన ఆయుర్వేద దుకాణాల్లో ఆ పేరు మీద తరచుగా కొండపిండి దొరుకుతుంది గనుక పేరు చూసి పొరబడకూడదు. అల్తాయ్ తెగవారి ఇంట్లో ఇచ్చిన తల్కాన్ మరింత పరిచితంగా తోచింది. బార్లీని వేయించి విసిరిన పిండి అది, పాలలోనో టీలోనో కలుపుకుంటారు. తొలి ఏకాదశినాడు పేలపిండి తిని పెరిగినవారికి దాన్ని ఎవరూ పరిచయం చేయనక్కరలేదు.

ఇక చరిత్ర. మా గైడు ఇక్కడే నిరాశపరిచాడు. ఆయన మర్యాదస్తుడే, ఇంగ్లీషు కూడా బాగానే మాట్లాడతాడు. కానీ ఏ రాయి దగ్గర ఆగినా ‘శక్తి ప్రవాహం’ గురించి చెప్పాడే తప్ప, ఆ లోయలోకి మనుషులు ఎందుకు వచ్చారో మేము అడిగేదాకా చెప్పలేదు. ఆ కథ తెలిసింది ఊళ్లోని పాత విశ్వాసుల మ్యూజియంలో, మిగతా సగం అవ్వ వంటగదిలో. 17వ శతాబ్దం నడుమ రష్యా చర్చి అధిపతి (పాత్రియార్కు) నికోన్ పూజావిధానాన్ని మార్చినప్పుడు, శిలువ గుర్తును మూడు వేళ్లతో కాక పాత పద్ధతిలో రెండు వేళ్లతోనే వేస్తామని పట్టుబట్టిన ఈ ‘పాత విశ్వాసులు’ హింసకు గురై దేశం అంచులకు పారిపోయారు. వారికి తోడు 18వ శతాబ్దంలో అల్తాయ్ గనుల్లో, లోహపు కొలుముల్లో కట్టుబానిసల్లా పనిచేస్తున్న రైతులు, సైన్యం నుంచి తప్పించుకున్నవారు కూడా ఈ కొండల్లోకి చేరారు. అక్కడి మాటలో కొండను ‘రాయి’ అనేవారు కనుక వీరిని ‘రాతివాళ్లు’ అన్న అర్థంలో కామెన్‌షికీ అని పిలిచారు. దొరికితే శిక్ష తప్పని ఆ జనాన్ని 1791లో రెండో కేథరీన్ మహారాణి క్షమించింది. స్థానిక తెగలతో సమానంగా బొచ్చుతోళ్ల పన్ను కడితే చాలునని, సైన్యంలోకి తీసుకోబోమని ఒప్పుకుంది. తప్పించుకున్నవారి దాక్కునే చోటు ఆ విధంగా చట్టబద్ధమైన ఊరయింది.

బెలోవోద్యే, అంటే తెల్లనీళ్ల దేశం అన్న కథ కూడా వారిదే. అధికారులు, పన్నులు, వెట్టి లేని ధర్మభూమి ఒకటి తూర్పు కొండల వెనుక ఉందని, అక్కడికి దారి ఉయ్‌మోన్ మీదుగానే పోతుందని చేతిరాత ప్రతులు రష్యా అంతటా తిరిగాయి. ఆ కాగితాలను నమ్మి కుటుంబాలతో సహా బయలుదేరి, కొండలు దాటలేక ఇక్కడే ఆగిపోయినవారి సంతతి ఇప్పటికీ ఈ ఊళ్లలో ఉంది. కరపత్రాల్లోని శంభల ఆ పాత కథ మీద తరువాత అతికించిన మాట. అసలు కథ ఆకలి, పన్ను, కొరడాల మధ్య పుట్టింది గనుక నాకు అదే ఎక్కువ విలువైనదిగా కనిపించింది.

మ్యూజియం చిన్నది. నేత పంచెలు, నడికట్టు పట్టీలు, రంగులు వేసిన తలుపులు, ఇత్తడి శిలువలు, రాట్నాలు. వాటి నడుమ ఒక కర్ర గిన్నెను చూపించి, బయటివారికి పెట్టడానికి వేరుగా ఉంచిన గిన్నె అని చెప్పారు. అన్య మతస్థుడు తాగిన పాత్రను ఇంటివాళ్లు ముట్టుకునేవారు కారట. మా అవ్వ తన నాయనమ్మ ఇంట్లో అలాంటి గిన్నె ఉండేదని నవ్వుతూ చెప్పింది. మడి, ఎంగిలి, వేరు గ్లాసు అన్న మాటలు తెలిసిన ఇంటి నుంచి వచ్చిన నాకు దాన్ని వింత ఆచారంగా చూసే అర్హత లేదనిపించింది. ప్యాకేజీలో ఈ మ్యూజియానికి ఇచ్చిన సమయం నలభై నిమిషాలు. మరునాడు మేము గైడు లేకుండా మళ్లీ వెళ్లి సగం రోజు గడిపాము. అక్కడ పాత పాటలు, సామెతలతో కథనం చెప్పే పద్ధతి ఉంది. రష్యన్ తెలిసినవారు ఒకరు తోడుంటేనే దాని రుచి తెలుస్తుంది.

అదే ఊళ్లో రోరిఖ్ మ్యూజియం ఉంది. చిత్రకారుడు నికొలాయ్ రోరిఖ్ 1925లో లదాఖ్ నుంచి బయలుదేరి, ఖోతాన్, ఉరుమ్చి మీదుగా 1926 వేసవిలో మాస్కో చేరి, ఆ ఆగస్టులో భార్య యెలేనా, పెద్ద కుమారుడు యూరీలతో ఈ ఊరికి వచ్చి, వఖ్రామేయ్ అతామనోవ్ అనే పాత విశ్వాసి ఇంట్లో దిగాడు. వఖ్రామేయ్‌కి కొండ దారులూ, మందుమొక్కలూ క్షుణ్ణంగా తెలుసు. ఆ ఇంటిని నోవోసిబిర్స్క్‌లోని సైబీరియా రోరిఖ్ సంఘం పునరుద్ధరించింది. ఇక్కడి బెలూఖా శిఖరాన్ని కైలాసంతోనూ, అల్తాయ్‌ని హిమాలయంతోనూ ముడిపెట్టి చూసే ధోరణి ప్రచారంలోకి రావడంలో రోరిఖ్ పాత్ర పెద్దది. సోవియట్ కాలం చివర్లోనూ, ఆ తరువాతా నగరాలు వదిలి ఈ లోయలో ఇళ్లు కట్టుకున్నవారిలో ఆయన అనుయాయులు చాలామంది. రోరిఖ్ చివరికి కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి 1947లో అక్కడే కన్నుమూశాడు. ఆయన చిన్న కొడుకు స్వెతొస్లావ్ 1945లో పెళ్లాడిన సినీతార దేవికా రాణి మన వాల్తేరులో పుట్టింది. మ్యూజియంలోని మహిళకు ఈ సంగతి చెప్పి, ఫోనులోని పటంలో విశాఖపట్నాన్ని చూపిస్తే, ఆవిడ టికెట్ల బల్ల వదిలి వచ్చి గంటసేపు మాతో తిరిగింది. మొత్తం యాత్రలో అంత ఓపికగా వివరించిన మనిషి మరొకరు లేరు, ఆ సేవకు మేము కట్టింది ప్రవేశ రుసుము మాత్రమే.

ఈ లోయ దేనితో బతుకుతోందో చూడాలంటే మరాల్ క్షేత్రానికి వెళ్లాలి. మరాల్ అంటే అల్తాయ్ ప్రాంతపు పెద్ద దుప్పి. దాని లేత కొమ్ములను పాంతీ అంటారు. మెత్తని నూగుతో, లోపల నెత్తురు ప్రవహిస్తూ ఉన్న దశలోనే, అంటే జూన్ నెల ప్రాంతంలో, వాటిని కోయాలి. ఆలస్యమైతే ఎముకలా గట్టిపడి పనికిరావు. దుప్పులను ఇరుకైన కర్ర దారిలోకి తోలి, కదలకుండా పట్టే చట్రంలో బిగించి, రంపంతో కోసి వదిలేస్తారు. జంతువును చంపరు, మరుసటి ఏడు కొమ్ములు మళ్లీ వస్తాయి. కోసిన కొమ్ములను మరిగే నీళ్లలో ముంచి తీస్తూ, ఆరబెడుతూ అనేక విడతల్లో నిలవకు తయారుచేస్తారు. దక్షిణ కొరియా, చైనా సంప్రదాయ వైద్యాల్లో వీటికి గిరాకీ ఉంది. సోవియట్ కాలంలో వీటి నుంచే పాంటోక్రిన్ అనే మందు తీశారు. అడవి దుప్పులను పట్టి కంచెలో పెంచడం మొదలుపెట్టింది కూడా 19వ శతాబ్దంలోని ఆ రాతివాళ్లే. పారిపోయి వచ్చినవారు, పన్నుగా తోళ్లు కట్టినవారు, చివరకు వేట వదిలి కంచె కట్టినవారు. ఈ మూడూ ఒకే కుటుంబాల కథ అని గైడు ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

సెప్టెంబరులో కొమ్ముల కోత ఉండదు. బదులుగా అది దుప్పులు జతకట్టే కాలం. సాయంత్రాలు మనిషి ఎత్తుకు మించిన కంచెల వెనుక కొండవాలు మీద మగ దుప్పులు అరుస్తుంటే, ఆ అరుపు మొదట బూరలా లేచి చివర గొంతు పట్టినట్లు విరుగుతుంది. క్షేత్రం సందర్శన, పని చేసేవారి వివరణ రెండూ బాగున్నాయి. ప్యాకేజీలో కలిపిన ‘పాంతీ స్నానం’ గురించి మాత్రం అంత ఉత్సాహంగా రాయలేను. కొమ్ములు ఉడికిన నీటిని తొట్టిలో నింపి ఇరవై నిమిషాలు పడుకోబెడతారు. అది కీళ్లకు, గుండెకు, సంతానానికి, ఇంకా అడిగిన ప్రతిదానికీ మంచిదని చెబుతారు. వేడినీళ్లలో పడుకుంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. నాకు అంతకు మించి ఏమీ తెలియలేదు, వాసన మాత్రం రెండు రోజులు వదలలేదు. మాంసాహార విముఖులు దీన్ని ముందే వద్దని చెప్పి ఆ మేరకు డబ్బు తగ్గించమని అడగవచ్చు.

తేనె విషయంలో ఏ సందేహమూ లేదు. కొండపూల తేనెను జిల్లా కేంద్రంలోని దుకాణాల్లో కన్నా పెంపకందారుల ఇళ్ల దగ్గరే కొనడం మేలు. రుచి చూపించి, ఏ వాలు మీది పూలో చెప్పి ఇస్తారు. ఆ దుకాణాల్లో సైబీరియా పైన్ గింజలు, బంగారు వేరు అని పిలిచే రోడియోలా, బదాన్ ఆకులు దొరుకుతాయి. కానీ అదే అరల్లో ‘శంభల తాయెత్తు’లు కూడా ఉంటాయి, వాటికే ధర ఎక్కువ. పశువులు, గడ్డి, పాలు ఇక్కడి మిగిలిన జీవనాధారం. రైలు మార్గం వచ్చాక సైబీరియా వెన్న ఇంగ్లండు దాకా వెళ్లిన రోజుల్లో అల్తాయ్ కొండల పాలకు మంచి గిరాకీ ఉండేది. ఇప్పుడు ఊళ్లలో యువకులు వేసవిలో పర్యాటకులను తిప్పి, చలికాలం పట్నాల్లో పని వెతుక్కుంటున్నారని డ్రైవరు చెప్పాడు.

ఆరో రోజు తుంగూర్‌లో మా యాత్ర ఆగింది. రహదారి అక్కడితో అయిపోతుంది. కాతూన్ మీది వంతెన దాటి నడక మొదలుపెట్టి అక్కెమ్ సరస్సుకు చేరితే, ఎదురుగా బెలూఖా ఉత్తర ముఖం గోడలా నిలబడి ఉంటుందని ఎన్నో చిత్రాల్లో చూశాము. 4,506 మీటర్ల ఆ శిఖరాన్ని అల్తాయ్ భాషలో ఉచ్-సుమేర్, అంటే మూడు శిఖరాల సుమేరువు అంటారు. 1914లో ట్రోనోవ్ సోదరులు తొలిసారి ఎక్కారు. దాని దక్షిణ వాలున ఉన్న గెబ్లర్ హిమానీనదం నుంచి పుట్టిన కాతూన్ 688 కిలోమీటర్లు పారి, బీస్క్ దగ్గర బియాతో కలిసి ఓబ్ మహానది అవుతుంది. ఇదంతా గైడు వంతెన దగ్గర నిలబడి చెప్పాడు, ఎందుకంటే అంతకు మించి మేము కదలడానికి లేదు. బెలూఖా దిక్కున సరిహద్దు మండలం ఉంది. విదేశీయులు అందులోకి వెళ్లాలంటే వారాల ముందే దరఖాస్తు చేసి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. మా పాస్‌పోర్టు నకళ్లు రెండు నెలల ముందే తీసుకున్న సంస్థ, రష్యన్ పౌరులకు చేసే ఏర్పాటే మాకూ చేసి చేతులు దులుపుకుంది. ఫోను చేస్తే మొదట వాతావరణం బాగాలేదన్నారు, తరువాత గైడు చూసుకుంటాడన్నారు, చివరకు నడకకు కట్టిన డబ్బులో సగం తిరిగి ఇచ్చారు. ఎండ మాత్రం నడకకు కేటాయించిన ఆ మూడు రోజులూ విరగకాసింది.

ఆ మూడు రోజులను కాపాడింది డ్రైవరు. మొదటి రోజు కాతాందా తీసుకెళ్లాడు. 1865లో రాడ్లోవ్ అనే పండితుడు ఆ ఊరి దగ్గరి పెద్ద సమాధి దిబ్బను తవ్వి, మంచులో గడ్డకట్టి చెడిపోకుండా మిగిలిన బొచ్చు దుస్తులను బయటకు తీశాడు. అల్తాయ్‌లో రెండు వేల ఏళ్లకు పైబడిన వస్త్రాలు మంచులో దొరుకుతాయని లోకానికి తెలియడం అక్కడే మొదలు. తిరుగుదారిలో, 1918 ఆగస్టులో తుంగూర్ దగ్గర మాటుగాచిన శత్రువుల చేతిలో నాశనమైన, రష్యా అంతర్యుద్ధంలో బోల్షివిక్కుల పక్షాన పోరాడిన ప్యోత్ర్ సుఖోవ్ ఎర్రదళపు స్మారకం చూపించాడు. కరపత్రంలో ఈ రెండింటి ప్రస్తావనే లేదు.

మరునాడు ముల్తా సరస్సులు. మామూలు కారు అక్కడికి వెళ్లలేదు. ముల్తా ఊళ్లో గాజ్-66 అనే పాత సైనిక ట్రక్కు ఎక్కాలి. బురద, చెట్ల వేళ్లు, బండరాళ్ల మీదుగా వెళ్లే ఆ దారిలో నడుము నొప్పి ఉన్నవారు ప్రయాణించకూడదు. గుర్రం మీద వెళ్లడం నయం, నడిచి వెళ్లడం ఇంకా నయం. కింది సరస్సు, మధ్య సరస్సుల నడుమ ఉన్న సన్నని అడ్డును చీల్చుకుని నీరు బండల మీద దూకుతుంది. ఆ చోటును ‘షూమీ’, అంటే హోరు అంటారు. కింద నీరు పచ్చగా, నిశ్చలంగా, పైన్ చెట్ల నీడతో. చుట్టూ లార్చ్ చెట్లు ఆకు రాల్చే ముందు పసుపు రంగుకు తిరిగి, కొండవాలంతా పసుపు ఆరబోసినట్లుంది. 1991లో ఏర్పడి, 1.5 లక్షల హెక్టార్లకు పైగా విస్తరించిన కాతూన్ అభయారణ్యం ఇక్కడే మొదలవుతుంది. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ‘అల్తాయ్ బంగారు కొండలు’లో ఇది ఒక భాగం. ప్రవేశ పత్రం ముందుగా తీసుకోవాలి, దానికి ఎలాంటి చిక్కూ రాలేదు. వేసవిలో వందల బండ్లు వచ్చి దారిని చెరువు చేస్తాయని, ఒడ్డున చెత్త పెరుగుతోందని అటవీ సిబ్బంది వాపోయారు. ట్రక్కు ఎక్కి వచ్చిన మేము ఆ మాటకు తలదించుకోవలసి వచ్చింది.

బస, భోజనం, డ్రైవరు: ఐదుకు ఐదు. రెండు మ్యూజియంలకూ అంతే. మరాల్ క్షేత్రానికి నాలుగు, స్నానానికి ఒకటి. గైడుకు రెండున్నర, అదీ ఆయన మర్యాదకు. ప్యాకేజీ అమ్మిన సంస్థకు అంకె వేయడం అనవసరం. మళ్లీ వెళ్తే కార్యక్రమంలో గైడును తీసేసి, రష్యన్ తెలిసిన విద్యార్థి ఎవరినైనా తోడు తీసుకుని, అవ్వ ఇంటినీ ఆ డ్రైవరునూ నేరుగా మాట్లాడుకుంటాను. సరిహద్దు అనుమతి కాగితం చేతికి వచ్చాకే విమానం టికెట్ కొంటాను. చూడవలసినది కొమ్ముల కోత అయితే జూన్, లార్చ్ చెట్ల పసుపు అయితే సెప్టెంబరు రెండో వారం. కాతూన్ నీరు వేసవిలో హిమానీనదం నూరిన రాతిపిండితో పాలలా ఉంటుంది, సెప్టెంబరుకు తేరి నెమలికంఠం రంగుకు వస్తుంది. కందిపొడి మాత్రం ఈసారి రెండు సీసాలు తీసుకెళ్లాలి, ఒకటి అవ్వ అడిగింది.